కర్రీ పాయింట్‌లో కస్టమర్ మనసులో మాట తెలుసుకోవడం ఎలా?

[దృశ్యం: సాయంత్రం కర్రీ పాయింట్. వరసగా స్టీలు గిన్నెలు. పప్పు ప్యాకెట్‌కి రబ్బరు బ్యాండు వేస్తున్న చేతులు.]

వాయిస్: హోటల్లో అయితే కస్టమర్ మన కళ్లముందే తింటాడు. ప్లేట్లో ఏం వదిలేశాడో కనిపిస్తుంది. కర్రీ పాయింట్‌లో ఆ వీలు లేదు. ప్యాకెట్ చేతికిచ్చాక ఆ కూర ఏమైందో మనకి తెలీదు. నచ్చనివాళ్లు గొడవ కూడా పెట్టుకోరు, పక్క వీధిలో ఇంకో పాయింట్‌కి వెళ్లిపోతారు.

అందుకే అడిగి తెలుసుకోవాలి. అయితే “కూరలు బాగుంటున్నాయా?” అని అడిగితే లాభం లేదు. మొహం మీద బాగాలేదని ఎవరంటారు చెప్పండి? నిన్న తీసుకెళ్లిన కూర గురించి అడగండి.

[దృశ్యం: కౌంటర్ దగ్గర ఆఫీస్ బ్యాగ్‌తో ఒక కుర్రాడు.]

యజమానురాలు: నిన్న దొండకాయ వేపుడు తీసుకెళ్లావు కదా బాబూ, మొత్తం తిన్నావా, ఏమైనా మిగిలిందా?

కుర్రాడు: కొంచెం పడేశాను ఆంటీ. నేను తినేసరికి తొమ్మిదిన్నర అవుతుంది. అప్పటికి ముక్క గట్టిపడిపోయింది.

వాయిస్: ఉప్పూకారాల మాటే రాలేదు చూడండి. సాయంత్రం ఆరింటికి గరిటెతో తీసి రుచి చూస్తే ఆ వేపుడు బాగానే ఉంటుంది. తొమ్మిదిన్నరకి చల్లారాక ఎలా ఉందో తిన్నవాడే చెప్పాలి. ఇప్పుడు ఆవిడకి ఏం చేయాలో తెలిసింది. ముక్కని ఇంకాస్త మగ్గనివ్వాలి, లేదా రెండో వాయి ఎనిమిదింటికి దింపాలి.

[దృశ్యం: గల్లాపెట్టె పక్కన నోట్‌బుక్.]

విన్నది అప్పుడే, వాళ్లన్న మాటల్లోనే రాసుకోండి. “వేపుడు బాగాలేదు” అని రాస్తే వారం తర్వాత చూసినా ఏమీ అర్థం కాదు. ఒక్కరు ఉప్పెక్కువ అన్నారని వంట మార్చేయకండి, వాళ్లింట్లో బీపీ వల్ల ఉప్పు తగ్గించి ఉండొచ్చు. వేర్వేరు ఇళ్లవాళ్లు ముగ్గురు నలుగురు అదే మాట అంటే మాత్రం ఆలస్యం చేయొద్దు. మార్చాక, ఆ మాట చెప్పినవాళ్లకి కబురు చెప్పండి. ఈసారి అడక్కుండానే చెబుతారు.

పెద్ద కంపెనీలు “మా గురించి మీవాళ్లకి చెబుతారా? 0 నుంచి 10 లోపు మార్కులు వేయండి” అంటుంటాయి. ఈ పద్ధతిని 2003లో అమెరికా వ్యాపార సలహాదారు ఫ్రెడ్ రైక్‌హెల్డ్ ప్రచారంలోకి తెచ్చారు. వేల మంది కస్టమర్లున్నచోట అది పనికొస్తుంది. మీకు 8 వచ్చిందనుకోండి, రేపు ఏ కూర మార్చాలి? నా మాట వింటే దాని జోలికి పోవద్దు.

[దృశ్యం: కౌంటర్ మీద క్యూఆర్ కోడ్.]

గూగుల్ రివ్యూ కోసం క్యూఆర్ కోడ్ పెట్టుకోండి, మంచిదే. కానీ రివ్యూ రాస్తే పెరుగు ప్యాకెట్ ఫ్రీ అనకండి. గూగుల్ నిబంధనలు దానికి ఒప్పుకోవు. మెచ్చుకునేవాళ్లని ఏరి వాళ్లచేతే రాయించడం కూడా కుదరదు.

[దృశ్యం: ఫోన్‌లో వాట్సాప్ మెసేజ్ టైప్ అవుతోంది.]

ఇక అందరికన్నా ముఖ్యం, రావడం మానేసిన రెగ్యులర్ కస్టమర్లు. వీళ్లకి బ్రాడ్‌కాస్ట్ పెట్టకండి. మీ నంబర్ సేవ్ చేసుకోనివాళ్లకి అది చేరదు. ఒక్కొక్కరికీ విడిగా పెట్టండి: “అన్నా, ఈ మధ్య కనిపించడం లేదు. మా కూరల్లో ఏమైనా తేడా వచ్చిందా? మొహమాటం లేకుండా చెప్పండి.” అందులో ఆఫర్ల ఊసు ఎత్తొద్దు.

కొందరు ఇల్లు మారామంటారు, కొందరు వంటమనిషిని పెట్టుకున్నామంటారు. మిగిలినవాళ్లు చెప్పేదే మీకు కావాల్సింది. వాళ్లకి సంజాయిషీ ఇవ్వకండి. “ఏ కూర అన్నా, ఎప్పుడు?” అని అడిగి రాసుకోండి.