ఏప్రిల్ 14: ఫైర్ స్టేషన్‌లో ఆ రెండు నిమిషాల మౌనం ఎవరి కోసం?

నమస్కారం. ఏప్రిల్ 14 అంటే తిరుపతిలో మనకు ముందుగా గుర్తొచ్చేది అంబేద్కర్ జయంతి. విగ్రహాల దగ్గర పూలదండలు, ఊరేగింపులు, ఆఫీసులకు సెలవు. నగరి, పుత్తూరు వైపు తమిళ కుటుంబాల్లో దాదాపు అదే రోజు సంవత్సరాది. ఈ సందడిలో అగ్నిమాపక కేంద్రం ఆవరణలో జరిగే చిన్న కార్యక్రమం ఎవరి కంటా పడదు. సిబ్బంది యూనిఫాంలో వరుసగా నిలబడి రెండు నిమిషాలు మౌనం పాటిస్తారు. తర్వాత చొక్కాలకు చిన్న జెండాలు గుచ్చుకుని వారోత్సవాలు మొదలుపెడతారు. మర్నాడు పేపరు లోపలి పేజీలో నాలుగు లైన్ల వార్త వస్తుంది. విధి నిర్వహణలో అమరులైన వారికి నివాళి అర్పించారు అని అందులో ఉంటుంది. ఎవరా అమరులు, ఎక్కడ పోయారు, ఎలా పోయారు అన్నది మాత్రం ఉండదు. ఈ వీడియో దాని గురించే.

1944వ సంవత్సరం. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది. మన తిరుమల మొదటి ఘాట్ రోడ్డు ప్రారంభమైనదీ ఆ ఏప్రిల్‌లోనే. ఫోర్ట్ స్టైకిన్ అనే సరుకు ఓడ ఇంగ్లండులోని బర్కెన్‌హెడ్ నుంచి బయలుదేరి, కరాచీ మీదుగా ఏప్రిల్ 12న బొంబాయి విక్టోరియా డాక్‌కు చేరింది. అందులో సుమారు 1,400 టన్నుల పేలుడు సామగ్రి ఉంది. అది చాలదన్నట్టు దారిలో వేల కొద్దీ పత్తి బేళ్లు ఎక్కించారు. నూనె పీపాలు, కలప, పెట్టెల్లో బంగారు కడ్డీలు కూడా ఉన్నాయి. ఈ ఓడ కథ చెప్పేవాళ్లు బంగారం దగ్గర ఎక్కువసేపు ఆగుతారు. నేను ఆగను. మనకు కావలసింది ఓడలో సరుకు నింపే రెండో నంబరు గది. అందులో కింద పత్తి, దాని పై అరలో పేలుడు సామగ్రి. యుద్ధకాలపు తొందరలో అలా సర్దేశారు. ప్రమాదకరమైన సరుకు ఉన్న ఓడ ఎర్రజెండా ఎగరేయాలి. ఆ జెండా కూడా ఎగరలేదు.

14వ తేదీ మధ్యాహ్నం ఆ గదిలోంచి పొగ వచ్చింది. బొంబాయి ఫైర్ బ్రిగేడ్ వాళ్లు పైపులు దింపి నీళ్లు కొట్టడం మొదలుపెట్టారు. 900 టన్నులకు పైగా నీళ్లు లోపలికి పోశారు. దట్టమైన పొగ వల్ల అసలు నిప్పు ఎక్కడుందో మాత్రం దొరకలేదు. పత్తి సంగతి తెలిసిన వాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. బిగించి కట్టిన బేలు మీద నీళ్లు పడితే పై పొర తడుస్తుంది, లోపల నిప్పు కుములుతూనే ఉంటుంది. మన పల్లెల్లో గడ్డివాము అంటుకుంటే ఫైరింజన్ వాళ్లు గంటల తరబడి ఎందుకు ఉండిపోతారో చూశారా? మంట పది నిమిషాల్లో ఆరిపోతుంది. ఆ తర్వాత కొక్కేలతో, జేసీబీతో వామును లాగి, విప్పి, నేల మీద పరచి, ప్రతి పొరనూ తడపాలి. ఆ పని చేయకుండా వెళ్లిపోతే తెల్లారేసరికి మళ్లీ రాజుకుంటుంది. ఓడ గదిలో విప్పి పరిచే చోటెక్కడుంది? పైగా పోసిన నీళ్లతో కిందనున్న పత్తి పైకి తేలుతుంది. పైన ఉన్నదేమిటో ముందే చెప్పాను.

3.50 ప్రాంతంలో ఓడ వదిలేయమన్నారు. 4.06కు మొదటి పేలుడు. అరగంటలోపే రెండోది, ఇంకా పెద్దది. వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న సిమ్లాలో భూకంపాలు నమోదు చేసే యంత్రం ఆ అదురును పట్టుకుంది. నగరంలో మొత్తం ఎంతమంది చనిపోయారన్నది ఇప్పటికీ అంచనాలే, 800 నుంచి 1,300 దాకా చెబుతారు. ఫైర్ బ్రిగేడ్ మనుషుల లెక్క మాత్రం కచ్చితంగా ఉంది. 66 మంది. ముంబై బైకుల్లాలోని ఫైర్ బ్రిగేడ్ ప్రధాన కార్యాలయంలో వారి స్మారకం ఉంది. తిరుపతి స్టేషన్‌లోనైనా, చిత్తూరు స్టేషన్‌లోనైనా ఆ రోజు తలలు వంచేది వాళ్ల కోసమే. వాళ్లతో పాటు ఆ తర్వాత పోయిన అందరి కోసమూ.

ఇక్కడ ఒక చిన్న పక్కమాట. మీరు 101కి ఫోన్ చేసినప్పుడు ‘మంటలు, త్వరగా రండి’ అని పెట్టేయకండి. లోపల ఏముందో చెప్పండి. గ్యాస్ సిలిండర్లున్నాయా, రంగుల డబ్బాలున్నాయా, దీపావళికి తెచ్చి దాచిన టపాసులున్నాయా. లైసెన్సు లేని సరుకు ఉందని దాచిపెట్టే దుకాణదారులున్నారు. కేసు గురించి తర్వాత చూసుకోవచ్చు. లోపలికి వెళ్లేవాడికి ఆ సంగతి తెలిసే హక్కుంది.

మౌనం పాటించడం మంచిదే. కానీ అగ్నిమాపక సిబ్బంది తమ వాళ్లను అసలు గుర్తుపెట్టుకునేది డ్రిల్లులో అని నా అభిప్రాయం. శిక్షణలో నేర్పే ఒక్కో నియమాన్ని పట్టుకుని వెనక్కి వెళ్తే, ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు చనిపోయి ఉంటారు. కొన్నింటికి ఊరూ, తేదీ కూడా దొరుకుతాయి.

బీఏ సెట్, అంటే పొగలో ఊపిరి తీసుకోవడానికి వాడే పరికరం సంగతి చూడండి. వీపున గాలి సిలిండర్, ముఖానికి మాస్కు. ఆరు లీటర్ల సిలిండర్‌లో 300 బార్ ఒత్తిడితో నింపితే 1,800 లీటర్ల గాలి. కాగితం మీద అది 45 నిమిషాలకు సరిపోతుంది. మెట్లెక్కుతూ, నీళ్లు నిండిన పైపు లాగుతూ, భయంతో రొప్పుతూ ఉన్న మనిషికి అరగంట వస్తే గొప్ప. గాలి ఒక స్థాయికి తగ్గగానే సెట్‌లోంచి ఈల మోగుతుంది. ఈల మోగిందంటే చేతిలో ఏ పనున్నా వదిలి బయటికి రావాలి. లోపలికి వెళ్లే ముందు తన పేరు, వెళ్లిన సమయం, సిలిండర్‌లో గాలి ఎంతుందో రాసిన బిళ్లను బయట నిలబడ్డ మనిషికి ఇవ్వాలి. ఆ మనిషి గడియారం చూస్తూ లెక్క కడుతుంటాడు. ఈ ఈల, ఈ బిళ్ల ఎవరికో తీరిగ్గా కూర్చున్నప్పుడు తట్టిన ఆలోచనలు కావు. 1958 జనవరిలో లండన్ స్మిత్‌ఫీల్డ్ మాంసం మార్కెట్ నేలమాళిగలో మంటలు లేచాయి. గదిలోంచి గది, దారి తెలియని పొగ. లోపలికి వెళ్లిన ఇద్దరు గాలి అయిపోయి అక్కడే ప్రాణాలు వదిలారు. లోపల ఎవరున్నారు, ఎంత గాలి మిగిలింది అన్న లెక్క బయట గట్టిగా ఉండాలని అంతా పట్టుబట్టింది ఆ తర్వాతే.

లండన్ దాకా ఎందుకు, పలమనేరు ఉంది. 2018 ఫిబ్రవరిలో పలమనేరు దగ్గర ఒక కోళ్ల హేచరీలో మురుగు ట్యాంకు శుభ్రం చేయడానికి దిగి ఏడుగురు మరణించారు. దిగినవాడు పడిపోతే వాణ్ని తీయడానికి ఇంకొకడు, వాడి కోసం మరొకడు. పాడుబడ్డ బావుల్లో మోటారు తీయడానికి దిగిన చోటా ఇదే జరుగుతుంది. ఇలాంటి చోట్ల చేరే విషవాయువుకు రంగుండదు. కొన్నింటికి వాసన ఉన్నా, కాసేపటికి ముక్కు దాన్ని పట్టుకోవడం మానేస్తుంది. అందుకే ఫైర్‌మన్‌కు నేర్పే మొదటి పాఠాల్లో ఒకటి వినడానికి కఠినంగా ఉంటుంది: మాస్కు లేకుండా దిగకు, లోపల ఉన్నది నీ తమ్ముడైనా సరే. గట్టున నిలబడ్డ జనం ‘చూస్తూ నిలబడ్డారే, దిగరే’ అని అరుస్తుంటారు. ఆ అరుపులు వింటూ సెట్ పట్టీలు ఒక్కొక్కటే బిగించుకోవడం కూడా శిక్షణలో భాగమే.

మా వీధిలో లీడింగ్ ఫైర్‌మన్‌గా పదవీ విరమణ చేసిన పెద్దాయన ఒకరున్నారు. ‘భయం వేసేది కాదా సార్?’ అని ఒకసారి అడిగాను. ‘భయం లేనివాణ్ని మేము లోపలికి పంపము బాబూ. వాడు పోతూ పక్కవాణ్ని కూడా తీసుకుపోతాడు’ అన్నారు.

డ్రిల్లు దగ్గరికి వద్దాం. బయటి నుంచి చూస్తే హోస్ డ్రిల్లు ఆటలా ఉంటుంది. చుట్టిన పైపును ఒక్క విసురుతో నేల మీద పరుస్తారు, ఒకరు పంపు వైపు పరిగెత్తి కలుపుతారు, ఒకరు బ్రాంచి, అంటే పైపు చివర నీళ్లు చిమ్మే మూతి పట్టుకుంటారు, ‘వాటర్ ఆన్’ అని కేక. లెక్క వేస్తే సంగతి తెలుస్తుంది. 63 మిల్లీమీటర్ల పైపు 15 మీటర్ల ముక్కలో నీళ్లు నిండితే దాదాపు 47 లీటర్లు, అంటే 47 కిలోలు. నాలుగు ముక్కలు కలిపి మూడో అంతస్తుకు ఎక్కించాలంటే ఎంత బరువో ఊహించుకోండి. ఒత్తిడి మీద ఉన్న బ్రాంచిని ఒంటరిగా వదిలితే అది పాములా లేచి చుట్టూ ఉన్నవాళ్ల పళ్లు రాలగొడుతుంది. అందుకే ఇద్దరు పట్టుకోవాలి, అందుకే పేరు పెట్టి పిలవకుండా ఒకటి, రెండు, మూడు అని నంబర్లతో పిలుస్తారు. రాత్రి మూడింటికి నిద్రలోంచి లేచి, ఎవరు డ్యూటీలో ఉన్నారో చూసుకోకుండానే రెండో నంబరు పని రెండో నంబరు చేసేయాలి.

అన్ని మంటలకూ నీళ్లు పనికిరావన్నది ఇంకో పాఠం. తిరుమలలో లడ్డూల కోసం బూందీ వేయించే పోటులో, అంటే వంటశాలలో, పేరుకున్న నెయ్యి జిడ్డుకు నిప్పంటుకున్న సందర్భాలున్నాయి. కాగే నెయ్యి మీద నీళ్లు పోస్తే అవి అడుగుకు దిగి, క్షణంలో ఆవిరై సుమారు 1,700 రెట్లు వ్యాకోచిస్తాయి. ఆ ఆవిరి కాగే నెయ్యిని ఎత్తి మనుషుల మీద చల్లుతుంది. మీ వంటింటి బాణలికీ ఇదే వర్తిస్తుంది. మూత పెట్టి, స్టవ్ ఆపి, దూరం జరగండి.

ఇక పాత కట్టడాలు. నాకు అన్నిటికన్నా భయం వేసేది వీటి గురించే. 2015 మే 9న ముంబై కాల్బాదేవిలో కలప దూలాల పాత భవనం అంటుకుంది. అది కూలడంతో నలుగురు అధికారుల ప్రాణాలు పోయాయి. వారిలో నగర ముఖ్య అగ్నిమాపక అధికారి సునీల్ నేసరికర్ ఒకరు. 2020 దీపావళి రోజున మదురైలో ఒక బట్టల దుకాణంలో మంటలార్పుతుండగా పాత కట్టడం కూలి ఇద్దరు సిబ్బంది పోయారు. కాలుతున్న గోడకు దాని ఎత్తుకు ఒకటిన్నర రెట్లు దూరంలో నిలబడాలని శిక్షణలో చెబుతారు. ముప్పై అడుగుల గోడకు నలభై ఐదు అడుగులు. ఇప్పుడు తిరుపతి గోవిందరాజస్వామి ఆలయం చుట్టూ ఉన్న వీధులను కళ్ల ముందు పెట్టుకోండి. ఎదుటి దుకాణానికీ ఇటువైపు దుకాణానికీ మధ్య నలభై ఐదు అడుగులు ఎక్కడున్నాయి? టేకు దూలాల మీద వేసిన మిద్దెలు, వాటి మీద అటకల నిండా అట్టపెట్టెలు, వీధి మీదికి చాచిన రేకులు, కింద బండ్ల వరుస. 2023 జూన్‌లో ఆ ప్రాంతంలోనే ఫోటో ఫ్రేముల దుకాణం తగలబడింది. చెక్క, అద్దం, రంగులు, ప్లాస్టిక్. ఆలయ రథానికి నిప్పంటుకుందన్న పుకారు ఊరంతా పాకింది. ఆ పుకారు మీద జరిగినంత చర్చ, ఆ సందులోకి ఫైరింజన్ ఎలా వెళ్లాలన్న దాని మీద జరగలేదు.

మరుసటి సంగతి రేణిగుంట. 2022 సెప్టెంబరులో కింద ఆసుపత్రి, పైన ఇల్లు ఉన్న ఒక భవనంలో మంటలు లేచి ఒక డాక్టరు, ఆయన ఇద్దరు పిల్లలు మరణించారు. ఇలాంటి చోట పిల్లలను చేతుల మీద కిందికి తెచ్చిన మనిషి మర్నాడు మళ్లీ డ్యూటీకి వస్తాడు. వాళ్ల కోసం మనం ఏర్పాటు చేసింది చాలా తక్కువ. స్టేషన్‌లో టీ తాగుతూ మాట్లాడుకోవడమే వాళ్లకు దొరికే వైద్యం.

అడవి వేరే లోకం. శేషాచలంలో ఎండాకాలం బోదగడ్డి ఎండి ఉంటుంది, గాలి దిశ లోయలోయకూ మారుతుంది, ఫైరింజన్ వెళ్లే దారి ఉండదు. 2014 మార్చిలో తిరుమల కొండల్లో మంటలు లేచినప్పుడు వైమానిక దళ హెలికాప్టర్లు వచ్చి నీళ్లు పోశాయి. అది మహా అయితే ఒకసారి దొరికే సాయం. మామూలు ఏడాదిలో అటవీ సిబ్బంది, అగ్నిమాపక సిబ్బంది పచ్చి కొమ్మలతో కొట్టి, గడ్డి గీకి బాటలు తీసి ఆపుతారు.

చివరిగా, స్మారకాల మీద పేర్లు ఉండని వాళ్ల గురించి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2022లో ఫైర్‌మన్ ఉద్యోగాన్నే క్యాన్సర్ కారకంగా నిర్ధారించింది, పొగాకు, ఆస్‌బెస్టాస్ ఉన్న మొదటి జాబితాలోనే. మంట ఆరాక మసి వదలదు. అది చొక్కాలో, మెడ మీద, గోళ్ల కింద ఉంటుంది. మా వీధి పెద్దాయన తన ఖాకీ బట్టలను ఏళ్ల తరబడి పిల్లల బట్టలతో కలిపే నానబెట్టారట. అప్పట్లో ఎవరూ చెప్పలేదు. ఇలా పదవీ విరమణ తర్వాత ఊపిరితిత్తులు పాడై పోయినవాళ్లను ఏ రాతిపలక మీదా చెక్కరు, ఏప్రిల్ 14న వాళ్లకు లెక్కలో చోటుండదు. ఉండాలని నేను గట్టిగా అంటాను. ప్రతి స్టేషన్‌కూ విడిగా ఉతికే యంత్రం, ఒక్కొక్కరికి రెండో జత రక్షణ దుస్తులు ఇవ్వడం పెద్ద ఖర్చేమీ కాదు.

ఏప్రిల్ 14 నుంచి 20 వరకు స్టేషన్లలో పిల్లలకు ప్రదర్శనలు ఉంటాయి. తడి గోనెపట్టతో సిలిండర్ మంట ఆర్పడం చూపిస్తారు, చప్పట్లు కొట్టి వచ్చేస్తాం. ఈసారి వెళ్తే బీఏ సెట్ చూపించమని అడగండి. ఈల ఎలా మోగుతుందో వినిపించమనండి. లోపలికి వెళ్లినవారి లెక్క బయట ఎవరు రాస్తారో అడగండి. సెట్లు ఎన్ని ఉన్నాయి, ఎన్ని పనిచేస్తున్నాయి అని కూడా అడగండి. విన్న సమాధానాలు కింద రాయండి, వచ్చే వీడియో వాటితోనే మొదలుపెడతాను.