ముట్టుకుని చూడండి

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలను పేరుపేరునా పలకరించాలనే ఉంది. కానీ నాకిచ్చింది పది నిమిషాలు, నేరుగా పిల్లల దగ్గరికే వచ్చేస్తాను.

30 ఏళ్లు డ్రాయింగ్ టీచర్‌గా పనిచేశాను. రిటైరయ్యాక చూపు లేని పిల్లలకు బొమ్మలు నేర్పమంటే టెన్షన్ పట్టుకుంది. గీతలు, రంగులు తప్ప నాకు తెలిసిందేముంది? ఆలోచించి ఆలోచించి బంకమట్టి పట్టుకెళ్లాను.

ఒకరోజు, "వాన చెయ్యండి" అన్నాను. పుట్టుకతోనే చూపు లేని పదేళ్ల బాబు మట్టిని పలకలా చరిచి, బ్రెయిలీ రాసే స్టైలస్‌తో టకటకా గుచ్చడం మొదలుపెట్టాడు. ఏదో రాస్తున్నాడనుకున్నాను. అప్పుడప్పుడే బ్రెయిలీ నేర్చుకుంటున్నాను. గడికి 6 చుక్కలు, వాటితో 63 రకాల కూర్పులు. పైగా కుడి నుంచి ఎడమకు గుచ్చుకుంటూ పోయి, కాగితం తిప్పి ఎడమ నుంచి చదవాలి. నేను కూడబలుక్కుంటుంటే, "చదవకండి టీచర్, తడమండి" అన్నాడు.

తడిమాను. ఒక పక్క గుంటలు ఒత్తుగా, లోతుగా ఉన్నాయి. ఇంకో పక్క పలచబడ్డాయి. మధ్యలో మాత్రం అరచేతి మేర నున్నగా ఉంది. "ఇక్కడ వదిలేశావేంట్రా?" అన్నాను.

"అక్కడ నేను నిలబడ్డాను టీచర్. నా మీద పడింది కిందికి రాలేదు."

30 ఏళ్లలో ఎన్ని వానలు దిద్దానో! నల్లమబ్బు, ఏటవాలు గీతలు, ఒక గొడుగు. తడిసిన మనిషి కింద పొడి నేల ఎవరూ వెయ్యలేదు. వెయ్యొచ్చని నాకూ తోచలేదు.

ఆ ఏడాది చివర ప్రదర్శన పెట్టారు. ఎవరు పెట్టారో చెప్పను. మేం వెళ్లేసరికి బొమ్మలన్నీ గాజు పెట్టెల్లో ఉన్నాయి, పైన "ముట్టుకోరాదు" అని బోర్డు. చేసిన పిల్లలే తోటివాళ్ల బొమ్మలు చూడలేకపోయారు. మా బాబు గాజుకి అరచెయ్యి ఆనించి, "చల్లగా ఉంది టీచర్" అన్నాడు. క్షమించండి, ఈ మాట దగ్గర నాకు గొంతు పట్టేస్తుంది.

వచ్చిన అతిథిగారు, "పాపం, కళ్లు లేకపోయినా ఎంత బాగా చేశారో" అని అందరికీ ఒకే మాట చెప్పి ఒకే బహుమతి ఇచ్చారు. ఏ బొమ్మ దగ్గరా ఆగలేదు. "నా వాన గురించి ఏమన్నారు?" అని బాబు అడిగాడు. ఏమీ అనలేదని చెప్పాల్సి వచ్చింది.

2006లో ఐక్యరాజ్య సమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడిక గురించి మాట్లాడదామని రాసుకొచ్చాను. వాళ్ల సృజన వాళ్ల మేలుకే కాదు, సమాజం సుసంపన్నం కావడానికి కూడా అని దాని 30వ అధికరణంలో ఉంది. అంటే అది మనకూ అందాల్సిన సంపద. ముట్టుకోకపోతే ఎలా అందుతుందండీ?

మిగతా కాగితాలు పక్కన పెట్టేస్తున్నాను. బయట బల్ల మీద 14 బొమ్మలున్నాయి, చేసిన పిల్లలు పక్కనే ఉన్నారు. వెళ్లి, కళ్లు మూసుకుని, రెండు చేతులతో తడమండి. బాగా లేకపోతే ఎక్కడ బాగా లేదో వాళ్లకే చెప్పండి. చెడుతుందని భయపడకండి, మట్టి ఇంకా పచ్చిగానే ఉంది. ఏదైనా ఊడితే వాళ్లే అతికిస్తారు. తడి మట్టి గిన్నె బల్ల కిందే పెట్టాను.