కేప్ రాత్ ట్రైల్‌కి వెళ్లేముందు నీళ్లతో మెలగడం నేర్చుకోండి

[తెర మీద: స్కాట్లాండ్ మ్యాప్. ఫోర్ట్ విలియం నుంచి వాయవ్య మూల దాకా ఒక ఎర్ర గీత మెల్లగా సాగుతుంది.]

నమస్తే అండి. ఈ గీత పేరు కేప్ రాత్ ట్రైల్. ఫోర్ట్ విలియంలో మొదలై, బ్రిటన్ ప్రధాన భూభాగానికి వాయవ్య కొసన ఉన్న కేప్ రాత్ లైట్‌హౌస్ దగ్గర ముగుస్తుంది. ఎంచుకున్న దారిని బట్టి సుమారు 370 కిలోమీటర్లు. చాలామంది రెండు నుంచి మూడు వారాల్లో పూర్తి చేస్తారు.

మ్యాప్ మీద గీత కనిపిస్తోంది గానీ నేల మీద అది ఉండదు. ఇది అధికారికంగా గుర్తులు పెట్టిన ట్రైల్ కాదు. బాణం గుర్తులు లేవు, చాలాచోట్ల కాలిబాట కూడా లేదు. గ్లాస్గోలో, ఎడిన్‌బరాలో చదువుకుంటూనో ఉద్యోగం చేస్తూనో హైలాండ్స్ మీద, అంటే ఇక్కడి కొండ ప్రాంతం మీద, మనసు పడ్డ తెలుగువాళ్ల కోసం ఈ వీడియో చేస్తున్నాను. ఇంతకుముందు ఇలాంటి నడక చేయకపోతే, ముందు వెస్ట్ హైలాండ్ వే నడవండి. 154 కిలోమీటర్లు, 1980లో ప్రారంభమైంది, అడుగడుగునా గుర్తులుంటాయి, దారిలో ఊళ్లున్నాయి. పైగా అది ముగిసే ఫోర్ట్ విలియంలోనే ఇది మొదలవుతుంది.

ఈ ట్రైల్ అనగానే అందరూ ముందు అడిగేది ఏ టెంట్ కొనాలి, ఏ బ్యాగ్ కొనాలి అని. అవీ కావాల్సినవే. కానీ ఇక్కడ మనిషిని ఇబ్బంది పెట్టేది ఎత్తు కాదు, దూరం కూడా కాదు. నీళ్లు. పైనుంచి వాన, కాళ్ల కింద బురద, ఎదురుగా వాగు. హైదరాబాద్‌లో ఏడాది మొత్తం పడే వాన సుమారు 800 మిల్లీమీటర్లు. ఈ దారిలో వచ్చే నాయ్‌డార్ట్ కొండల మీద 3,000 దాటుతుంది. అందుకే తడవకుండా నడవాలన్న ఆశ ముందే వదిలేయండి. తడిసినా వెచ్చగా ఉండటం ఎలాగో నేర్చుకోండి. సిద్ధపడటమంటే ముఖ్యంగా ఇదే.

[తెర మీద: నేల మీద పరిచిన రెండు జతల బట్టలు.]

ఇవి చూడండి. ఎడమవైపు జత నడకకి, కుడివైపు జత నిద్రకి. కుడివైపు జత ఎప్పుడూ నీళ్లు చొరని డ్రైబ్యాగ్‌లోనే, స్లీపింగ్ బ్యాగ్ పక్కనే ఉండాలి. సాయంత్రం టెంట్‌లోకి దూరాకే దాన్ని బయటికి తీయాలి. తెల్లారాక మళ్లీ లోపల పెట్టేసి, నిన్నటి తడి సాక్సులే తొడుక్కోవాలి. చల్లగా, జిగటగా ఉంటాయి, మనసొప్పదు. "ఇవాళ ఒక్కరోజుకి పొడివి వేసుకుందాం" అనిపిస్తుంది. వేసుకుంటే పది నిమిషాల్లో అవీ తడుస్తాయి, ఆ రాత్రికి పొడి గుడ్డ ఒక్కటీ మిగలదు. ఇంట్లో ఉండగానే ఓ వాన రోజు చూసుకుని ఇది సాధన చేయండి.

కాటన్ బట్టలు, జీన్స్ అసలు వద్దు. ఒంటికి ఆనుకుని ఉన్ని బనియన్, దాని మీద ఫ్లీస్, పైన మంచి రైన్ జాకెట్, రైన్ ప్యాంటు. బ్యాగ్ మీద వేసే కవర్‌ని ఇక్కడి గాలి లాక్కుపోతుంది. బ్యాగ్ లోపలే మందపాటి ప్లాస్టిక్ సంచి పెట్టి, సామానంతా అందులో సర్దండి. బూట్ల గురించి వాదనలు తెగవు. వాటర్‌ప్రూఫ్ బూటు లోపలికి ఒకసారి నీళ్లు పోతే రోజుల తరబడి ఆరదు కాబట్టి, నా ఓటు త్వరగా ఆరే తేలికపాటి ట్రైల్ షూస్‌కే.

చలి దెబ్బ గురించి ఒక మాట. మంచు పడక్కర్లేదు. ఏడెనిమిది డిగ్రీల వేడిలో, తడి బట్టల మీద గాలి కొడితే చాలు, ఒంట్లో వేడి పడిపోతుంది. జాకెట్ జిప్పు పట్టుకోవడానికి వేళ్లు తిరగకపోవడం, మాట ముద్దగా రావడం, చిన్న విషయానికి చిరాకు పడటం దాని గుర్తులు. అలా అనిపిస్తే "ఇంకో గంట నడిచేద్దాం" అనుకోవద్దు. వెంటనే టెంట్ వేయండి, పొడి బట్టలు మార్చండి, స్లీపింగ్ బ్యాగ్‌లో దూరి తీపి ఏదైనా తినండి.

[తెర మీద: వాన తర్వాత పొంగుతున్న కొండవాగు. అదే వాగు మర్నాడు ఉదయం.]

ఇక వాగులు. నేను అన్నిటికంటే గట్టిగా చెప్పాలనుకున్నది ఇదే. హైలాండ్స్‌లో చాలా కొండలకి చెట్లు లేవు, మట్టి పొర కూడా పలచన. పడ్డ వాన పడ్డట్టే వాగులోకి దిగుతుంది. పొద్దున మడమ లోతున్న నీళ్లు సాయంత్రానికి నడుము లోతవుతాయి. షెనవాల్ అనే బోథీ, అంటే నడిచేవాళ్లు తలదాచుకునే పాత ఇల్లు, దాని ముందున్న నదులు గట్టి వాన పడితే దాటడానికి వీల్లేకుండా పోతాయని అక్కడ నడిచేవాళ్లందరికీ తెలుసు. అయితే ఆ నీళ్లు ఎంత వేగంగా పెరుగుతాయో, వాన ఆగాక అంతే వేగంగా తగ్గుతాయి. రాత్రంతా ఇవతలి ఒడ్డున పడుకుంటే తెల్లారేసరికి దారి ఇస్తుంది. అందుకే వాగుకి కావాల్సిన మొదటి సామాను ఓపిక, రెండోది అదనంగా రెండు రోజుల తిండి.

దాటాల్సి వస్తే ఇరుకైన చోటు వెతక్కండి, అక్కడ లోతూ ఎక్కువ, వేగమూ ఎక్కువ. వెడల్పుగా పరుచుకుని, పాయలుగా చీలిన చోటు చూడండి. కాస్త దిగువన జలపాతమో పెద్ద బండలో ఉంటే అక్కడ దిగొద్దు. షూస్ విప్పొద్దు. బ్యాగ్‌కి నడుము దగ్గర, ఛాతీ దగ్గర ఉన్న బెల్టులు ముందే వదులు చేయండి, పడితే బ్యాగ్ మిమ్మల్ని ముంచకుండా విడిపించుకోగలగాలి. నీళ్లు వచ్చే దిక్కుకి ముఖం పెట్టి, కర్ర ఆనించి, ఒక కాలు కుదురుకున్నాకే రెండోది కదపండి. వేగంగా పారే నీళ్లు మోకాలు దాటుతుంటే వెనక్కి వచ్చేయండి. పైకి నడిచి చుట్టూ తిరిగితే రెండు మూడు గంటలు పోతాయి, పోనివ్వండి.

ఈ బురద, ఈ వాగులు లెక్కలోకి తీసుకుంటేనే రోజుకి ఎంత నడవగలరో తేలుతుంది. 1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు ఒక సూత్రం చెప్పాడు. ఈనాటి కొలతల్లో గంటకి 5 కిలోమీటర్లు, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకి అదనంగా ఒక గంట. 20 కిలోమీటర్లు, 900 మీటర్ల ఎక్కుడు అంటే ఐదున్నర గంటలన్నమాట. పూర్తి బరువుతో, బురదలో నడిచేవాళ్లు దానికి సగం కలుపుకోవాలి. ఎనిమిది గంటలు పైనే. ఈ లెక్క వేసుకున్నాకే ఆఫీసులో సెలవు అడగండి.

మ్యాప్ కాగితం మీదే ఉండాలి. హార్వే కంపెనీ ఈ ట్రైల్‌కి ప్రత్యేకంగా 1:40,000 స్కేలులో మ్యాపులు వేసింది. ఫోన్‌లో యాప్ ఉన్నా తడి వేళ్లతో స్క్రీన్ పనిచేయదు, చలికి ఛార్జింగ్ దిగిపోతుంది. పొగమంచులో కంపాస్ పట్టుకుని నడవడం ముందే నేర్చుకోండి.

[తెర మీద: రాతి గోడల బోథీ, లోపల చెక్క అరుగు.]

ఇది బోథీ. పాత కాపరుల ఇళ్లు, పొలం ఇళ్లు ఇప్పుడు నడిచేవాళ్లకి తలదాచుకునే చోటయ్యాయి. 1965లో మొదలైన మౌంటెన్ బోథీస్ అసోసియేషన్ వాలంటీర్లు దాదాపు వంద బోథీలని చూసుకుంటున్నారు. డబ్బు కట్టక్కర్లేదు, బుకింగ్ లేదు. కరెంటు, కుళాయి, మంచం ఏవీ ఉండవు. ఎంత రద్దీగా ఉన్నా తర్వాత వచ్చినవాళ్లకి చోటిస్తారు. అయినా నిండిపోతే ఎలా అన్న టెన్షన్ లేకుండా టెంట్ మీతోనే ఉంచుకోండి. శాండ్‌వుడ్ బే అనే సముద్రతీరం దాటాక వచ్చే స్ట్రాథ్‌కైలియాక్ బోథీలో ఒకాయన దశాబ్దాల పాటు ఒంటరిగా బతికాడు. గోడల మీద ఆయన గీసిన బొమ్మలున్నాయి, తప్పకుండా చూడండి.

టెంట్ ఎక్కడ వేయాలన్నది పెద్ద సమస్య కాదు. 2003 నాటి భూసంస్కరణ చట్టం బాధ్యతగా మెలిగేవాళ్లకి చాలాచోట్ల నడిచే, బస చేసే హక్కు ఇచ్చింది. ఇళ్లకీ పంట పొలాలకీ దూరంగా ఉండండి. మలవిసర్జనకి చిన్న పార తీసుకెళ్లండి, నీటికి కనీసం 30 మీటర్ల అవతల గొయ్యి తీసి పూడ్చండి.

ఎప్పుడు వెళ్లాలంటే మే, లేదా జూన్ మొదటి సగం. వాన కాస్త తక్కువ, రాత్రి పది దాకా వెలుతురు. ఆ తర్వాత మిడ్జ్‌లు విజృంభిస్తాయి. ఆవగింజంత కూడా లేని ఈ కుట్టే ఈగలు గాలి ఆగగానే గుంపులుగా కమ్ముకుంటాయి. తలకి వేసుకునే వల, అవి కుట్టకుండా ఒంటికి రాసుకునే స్మిడ్జ్ అనే మందు కొనుక్కోండి. టెంట్ గాలి తగిలే గట్టు మీద వేయండి. రోజూ రాత్రి ఒళ్లంతా చూసుకుని పిడుదులు ఉంటే తీసేయండి, వాటి వల్ల లైమ్ వ్యాధి వస్తుంది.

తిండి ఐదారు రోజులకి సరిపడా మోయాలి, మధ్యలో దుకాణాలు తక్కువ. ఇన్‌స్టంట్ ఉప్మా, అటుకులు, పల్లీలు, కందిపొడి తేలిక, కడుపూ నిండుతుంది. దారిలోని హోటళ్లని ముందే అడిగి, మీ పేరు మీద పార్సిల్ పంపుకోవచ్చు. స్టవ్ గ్యాస్ డబ్బాలు విమానంలో రానివ్వరు, ఫోర్ట్ విలియంలో కొనుక్కోండి.

ఫోన్ సిగ్నల్ రోజుల తరబడి ఉండదు. సిగ్నల్ లేకున్నా ఉపగ్రహం ద్వారా మెసేజ్ పంపే శాటిలైట్ మెసెంజర్ మీద ఖర్చు పెట్టండి, దీంట్లో పిసినారితనం వద్దు. బయల్దేరే ముందే 999కి "రిజిస్టర్" అని ఇంగ్లిష్‌లో మెసేజ్ పెట్టి నమోదైతే, బలహీనమైన సిగ్నల్‌లో కూడా మెసేజ్‌తో సాయం అడగొచ్చు. కాల్ చేస్తే పోలీస్‌ని అడిగి, తర్వాత మౌంటెన్ రెస్క్యూ కావాలని చెప్పండి. వచ్చేవాళ్లు వాలంటీర్లు, రుసుము తీసుకోరు.

చివరిది, చాలామంది మర్చిపోయేది. కేప్ రాత్ చుట్టుపక్కల నేల బ్రిటన్ సైన్యం కాల్పులు సాధన చేసే చోటు. ఎర్ర జెండా ఎగురుతుంటే లోపలికి వెళ్లకూడదు. కాల్పుల తేదీలు ముందే ప్రకటిస్తారు, వాటిని చూసుకున్నాకే రైలు టికెట్ తీయండి. లైట్‌హౌస్ నుంచి వేసవిలో మినీబస్సు, ఆపైన డర్నెస్ ఊరి వైపు దాటించే చిన్న పడవ ఉంటాయి. వాతావరణం బాగోకపోతే అవి నడవవు, అప్పుడు వచ్చిన దారినే శాండ్‌వుడ్ బే మీదుగా తిరిగి నడవాలి. వాగు కోసం దాచుకోమన్న ఆ రెండు రోజుల తిండిని అప్పటిదాకా ముట్టుకోకండి.