ఫొటో తీసిన చోటికే మందు

శ్రోతలకు నమస్కారం.

రేడియేషన్ అనే మాట వింటేనే చాలామందికి టెన్షన్. రేడియేషన్ ఇచ్చే మందును ఒంట్లోకి పంపి, జబ్బును ఫొటో తీసి, అక్కడే నయం చేసే వైద్యం ఒకటుంది. భయంతో దాన్ని వాయిదా వేసుకోవద్దని చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

థైరాయిడ్ గ్రంథి మనం తిన్న అయోడిన్‌ను తనలోకి లాగేసుకుంటుంది. దీన్ని ఆసరాగా చేసుకుని 1941లో బోస్టన్‌లో సాల్ హెర్ట్జ్ అనే డాక్టరు, థైరాయిడ్ అతిగా పనిచేస్తున్న రోగికి రేడియోధార్మిక అయోడిన్, అంటే రేడియేషన్ వెదజల్లే అయోడిన్ ఇచ్చారు. ఆ వైద్యం ఇవాళ్టికీ నడుస్తోంది. సీసపు డబ్బాలోంచి తీసిన క్యాప్సూల్‌ను నీళ్లతో మింగడమే. అందులోంచి వచ్చే గామా కిరణాలతో కెమెరా ఫొటో తీస్తుంది, బీటా కణాలు అక్కడి జబ్బు కణాలను చంపుతాయి.

ఇప్పుడు ఇదే పద్ధతి ప్రోస్టేట్ క్యాన్సర్‌కూ, హార్మోన్లు తయారుచేసే కణాల్లో పుట్టే కొన్ని అరుదైన న్యూరోఎండోక్రైన్ గడ్డలకూ వచ్చింది. ఆ కణాల పైపొర మీద ఉండే ప్రత్యేక ప్రోటీన్‌ను వెతికి అంటుకునే అణువు ఒకటి ఉంటుంది. మొదట దానికి గాలియం-68 అనే రేడియోధార్మిక పదార్థం తగిలించి స్కాన్ చేస్తారు. గడ్డలు బాగా వెలిగాయా, అలాంటి అణువుకే ఈసారి లుటీషియం-177 అనే మరో రేడియోధార్మిక పదార్థం తగిలించి సెలైన్‌లా ఎక్కిస్తారు. దాని బీటా కణాలు ఒకట్రెండు మిల్లీమీటర్లకు మించి పోవు. వెలగకపోతే ఈ మందు ఇవ్వరు. నాకు అన్నిటికన్నా నచ్చేది ఇదే. పనిచేయని మందు కోసం పొలం అమ్ముకునే అవస్థ తప్పుతుంది. అమెరికాలో ఈ మందులకు 2018లో, 2022లో అనుమతులొచ్చాయి. మన దేశంలో ముంబయిలోని ట్రాంబేలో ఉన్న ధ్రువ అణు రియాక్టర్‌లోనూ లుటీషియం తయారవుతోంది.

అయితే ముదిరిన జబ్బును ఇది పూర్తిగా మాన్పుతుందని ఆశపెట్టుకోకూడదు. చాలామందికి ఆయుష్షు పెరుగుతుంది, నొప్పి తగ్గుతుంది. నోరు ఎండిపోవడం, రక్తకణాలు తగ్గడం లాంటి ఇబ్బందులూ ఉంటాయి.

ఈ మందులు నిల్వ ఉండవు. ఒంట్లోకి పంపిన రేడియోధార్మిక పదార్థం ఎక్కడ చేరిందో చూపే పెట్ స్కాన్‌కు వాడే ఫ్లోరిన్-18 ప్రతి 110 నిమిషాలకు సగమైపోతుంది. హైదరాబాద్‌లో బండెక్కించిన మందు మూడు గంటలకు హన్మకొండ చేరేసరికి మూడో వంతే మిగులుతుంది. లుటీషియం వారం తిరక్కముందే సగమవుతుంది. మీ పేరు మీద, మీ తారీఖుకు తెప్పించిన డోసు మీరు పోకపోతే వృథా. కాజీపేటలో రైలు తప్పినా సరే, వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేయండి.

చక్కెర లాంటి పదార్థానికి ఫ్లోరిన్-18 తగిలించి చేసే పెట్ స్కాన్‌కు ముందు సుమారు ఆరు గంటలు ఏమీ తినొద్దు, చాయ్ కూడా వద్దు, మంచినీళ్లు తాగొచ్చు. షుగర్ మందులు వాడేవాళ్లు ముందురోజే డాక్టరును అడగాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఆ సంగతి తప్పక చెప్పాలి. చికిత్స అయ్యాక డాక్టరు చెప్పినన్ని రోజులు పసిపిల్లలను ఒళ్లో పడుకోబెట్టుకోవద్దు. ఆ గడువు దాటాక మనవడిని నిశ్చింతగా ఎత్తుకోండి.