ఆఫీసు సైబర్ సెక్యూరిటీ ట్రైనింగ్ రివ్యూ: క్లిక్ చేసేశాక ఏం చేయాలో చెప్పరేం?

నమస్కారం అండి. ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లలో చాలామందికి ఏడాదికోసారి ఒక మెయిల్ వస్తుంది. "సైబర్ సెక్యూరిటీ ట్రైనింగ్ పెండింగ్‌లో ఉంది, ఫలానా తేదీలోపు పూర్తి చేయండి" అని. వీడియో ఒక పక్క నడుస్తూ ఉంటుంది, మనం ఇంకో పక్క పని చేసుకుంటూ నెక్స్ట్, నెక్స్ట్ అని నొక్కేస్తాం. ఈసారి నేను అలా చేయలేదు. నోట్సు రాసుకుంటూ మొత్తం రెండుసార్లు చూశాను. కోర్సు పేరు చెప్పడం లేదు, ఎందుకంటే చాలా ఆఫీసుల్లో ఇచ్చేవి దాదాపు ఇదే అచ్చులో ఉంటాయి. మీరు చేసినదానితో పోల్చుకుంటూ వినండి.

మొత్తం 45 నిమిషాలు. ఫిషింగ్, పాస్‌వర్డులు, అప్‌డేట్లు, పెన్‌డ్రైవ్‌లు, చివర్లో పరీక్ష.

ముందు ఫిషింగ్ సంగతి, అంటే నమ్మదగ్గవాళ్ల పేరుతో దొంగ మెయిళ్లు పంపి మన పాస్‌వర్డో డబ్బో లాగేసే మోసం. అసలు గొడవంతా ఇక్కడే మొదలవుతుంది కాబట్టి దీని మీద కాస్త ఎక్కువ మాట్లాడతాను. కోర్సులో ఒక దొంగ మెయిల్ చూపించి తప్పులు పట్టమంటారు. స్పెల్లింగ్ తప్పులు, వంకర లోగో, పేరు లేకుండా "డియర్ కస్టమర్" అన్న పిలుపు. ఒకప్పుడు ఇది పనికొచ్చిన పాఠమే. ఇప్పుడు ఏఐతో ఎవరైనా ఒక్క అక్షరం తప్పు లేకుండా, మీ మేనేజర్ రాసినట్టే మెయిల్ రాయగలరు. తప్పులుంటేనే దొంగ మెయిల్ అని నేర్పితే, తప్పుల్లేని మెయిల్‌ని నమ్మమని నేర్పినట్టే కదా! నాకు బాగా అభ్యంతరం అనిపించింది ఇదే.

మెయిల్ ఎలా ఉందన్నది కాదు, మనల్ని ఏం చేయమంటోంది అన్నది చూడాలి. డబ్బు పంపమంటోందా? పాస్‌వర్డో ఓటీపీయో అడుగుతోందా? "వెంటనే చేయండి, ఎవరికీ చెప్పకండి" అని తొందరపెడుతోందా? అలాంటప్పుడు ఆ మెయిల్‌కి రిప్లై ఇచ్చి కనుక్కోకూడదు. అందులో ఉన్న నంబరుకి ఫోన్ చేయకూడదు. మన దగ్గర ముందు నుంచీ ఉన్న నంబరుకి చేసి అడగాలి.

2024 మొదట్లో అరప్ అనే ఇంజనీరింగ్ కంపెనీకి హాంకాంగ్‌లో జరిగింది చూడండి. ఫైనాన్స్‌లో పనిచేసే ఉద్యోగికి రహస్యంగా డబ్బు పంపాలంటూ మెసేజ్ వచ్చింది. ఆ ఉద్యోగికి మొదట అనుమానం వచ్చింది కూడా. తర్వాత వీడియో కాల్‌లో కంపెనీ ఫైనాన్స్ పెద్ద, తెలిసిన సహోద్యోగులు కనిపించేసరికి అనుమానం పోయింది. ఆ ముఖాలు, గొంతులు అన్నీ డీప్‌ఫేక్‌లు, అంటే ఏఐతో తయారుచేసిన నకిలీలు. సుమారు 20 కోట్ల హాంకాంగ్ డాలర్లు పోయాయి. స్పెల్లింగ్ తప్పులు వెతికే పాఠం అక్కడ ఎందుకూ పనికిరాదు. కాల్ పెట్టేసి, తన దగ్గరున్న నంబరుకి ఫోన్ చేసి ఉంటే మోసం అక్కడే బయటపడేది.

ఈ భాగంలో ఒక స్లైడ్ మాత్రం చాలా నచ్చింది. లింకులో https:// తర్వాత వచ్చే మొదటి / గుర్తు దాకా ఉన్న భాగాన్ని చివరి నుంచి వెనక్కి చదవడం నేర్పారు. మామూలుగా డాట్ కామ్‌కి సరిగ్గా ముందున్న పేరే ఆ సైటు యజమానిది. దానికి ఎడమవైపు, చుక్క పెట్టి, ఎవరైనా ఏ పెద్ద కంపెనీ పేరైనా తగిలించుకోవచ్చు. ఇంత ముఖ్యమైన విషయాన్ని అర నిమిషంలో దాటేశారు. దీని మీద పది ఉదాహరణలు ఇచ్చి ప్రాక్టీస్ చేయించాల్సింది.

పాస్‌వర్డుల భాగం పాతబడిపోయింది. 90 రోజులకోసారి మార్చాలి, ఒక పెద్ద అక్షరం, ఒక అంకె, ఒక గుర్తు ఉండాలి అంటారు. ఇలాంటి రూల్స్‌కి ఊపు ఇచ్చింది అమెరికాలోని నిస్ట్ అనే ప్రభుత్వ సంస్థ 2004లో విడుదల చేసిన పత్రం. అదే సంస్థ 2017లో తన మాట మార్చుకుంది. లీకైందన్న ఆధారం లేకుండా ఊరికే గడువు పెట్టి మార్పించవద్దని చెప్పింది. ఎందుకో మనకి తెలిసిందే. మార్చమన్న ప్రతిసారీ చివర ఒకటిని రెండు చేస్తాం, రెండుని మూడు చేస్తాం. దాన్ని ఊహించడం దొంగకి కష్టమేమీ కాదు. పొడుగ్గా ఉండాలి, ఒక చోట వాడింది ఇంకో చోట వాడకూడదు. అన్నీ గుర్తుండవు కాబట్టి ఆఫీసు ఒప్పుకుంటే పాస్‌వర్డ్ మేనేజర్, అంటే పాస్‌వర్డులన్నీ భద్రంగా దాచిపెట్టే యాప్, వాడాలి. కోర్సులో పాస్‌వర్డ్ మేనేజర్ అనే మాటే రాలేదండి.

రెండో తాళం, అంటే ఫోన్‌లో అప్రూవ్ నొక్కే పద్ధతి, గురించి మంచిగానే చెప్పారు. కానీ అది ఉంటే ఇక టెన్షన్ లేదన్నట్టు ముగించారు. 2022లో ఊబర్‌లోకి చొరబడినవాడు ఏం చేశాడంటే, ఒకరి పాస్‌వర్డ్ చేజిక్కించుకుని ఆ ఫోన్‌కి అప్రూవల్ రిక్వెస్టులు వరసగా పంపుతూనే ఉన్నాడు. చివరికి ఒకసారి యెస్ వచ్చింది. మీరు లాగిన్ అవనప్పుడు మీ ఫోన్‌కి అలాంటి రిక్వెస్ట్ వచ్చిందంటే మీ పాస్‌వర్డ్ ఎవరి చేతిలోనో ఉన్నట్టే అనుకోండి. నో నొక్కి, వెంటనే ఐటీ వాళ్లకి చెప్పండి.

అప్‌డేట్ల భాగం బాగుంది. వానాక్రై కథ చెప్పారు. విండోస్‌లోని ఒక లోపం గుండా దూరి, ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగిన వైరస్ అది. ఆ లోపాన్ని సరిచేసే అప్‌డేట్ మైక్రోసాఫ్ట్ 2017 మార్చిలోనే ఇచ్చింది. దాడి జరిగింది మే 12న. ఆ రెండు నెలల్లో అప్‌డేట్ వేయని కంప్యూటర్లు 150కి పైగా దేశాల్లో దెబ్బతిన్నాయి, బ్రిటన్‌లో ఆసుపత్రులు అపాయింట్‌మెంట్లు రద్దు చేసుకున్నాయి. "రిమైండ్ మీ లేటర్" నొక్కేవాళ్లందరూ ఇది చూడాలి. పెన్‌డ్రైవ్‌ల భాగం చిన్నది. దొరికింది పెట్టొద్దు అంటారు, అంతే. అది చాలు.

ఇక పరీక్ష. పది ప్రశ్నలు, ఎన్నిసార్లు తప్పినా మళ్లీ రాయొచ్చు. నాకు నూటికి నూరు వచ్చాయి, కానీ ఆ మార్కుల వల్ల నేను మోసపోకుండా ఉంటానని నాకు నమ్మకం లేదు. స్విట్జర్లాండ్‌లో ఈటీహెచ్ జ్యూరిచ్ పరిశోధకులు ఒక పెద్ద కంపెనీలో 14,000 మందికి పైగా ఉద్యోగులతో 15 నెలలు ప్రయోగం చేశారు. ఉత్తుత్తి ఫిషింగ్ మెయిల్ క్లిక్ చేసినవాళ్లకి అక్కడికక్కడే పాఠం చూపించినా, వాళ్లు తర్వాత మరింత జాగ్రత్తపడలేదని తేలింది. అదే ప్రయోగంలో ఇంకో మంచి సంగతి బయటపడింది. అనుమానం వచ్చిన మెయిల్‌ని ఉద్యోగులు రిపోర్ట్ చేస్తుంటే కొత్త దాడులు త్వరగా పట్టుబడ్డాయి.

ఈ కోర్సులో నాకు అన్నిటికంటే బాధ కలిగించింది కూడా దీనికి సంబంధించిందే. 45 నిమిషాల్లో "క్లిక్ చేయకండి" అని ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. క్లిక్ చేసేశాక ఏం చేయాలో ఒక్కసారి కూడా చెప్పలేదు.

కొన్నేళ్ల క్రితం, ఇంకో ఆఫీసులో, కొరియర్ పేరుతో వచ్చిన లింకు నొక్కి నా పాస్‌వర్డ్ టైప్ చేసేశాను. పేజీ ఖాళీగా వచ్చింది. గుండె గుభేల్‌మంది. అక్కడ ఎవరైనా పొరపాటు చేస్తే అందరి ముందూ పేరు చదివేవాళ్లు. అందుకే మూడు గంటలు తేలు కుట్టిన దొంగలా నోరు మెదపకుండా కూర్చున్నాను. ఆ మూడు గంటల్లో నా అకౌంట్ నుంచి మా టీమ్ మొత్తానికి అదే లింకు వెళ్లింది. నేను పంపానని నమ్మి ఇద్దరు నొక్కారు. నొక్కిన పొరపాటు కంటే దాచిన పొరపాటే ఎక్కువ నష్టం చేసింది.

అందుకే చెప్తున్నాను. నొక్కేశాక అనుమానం వస్తే వైఫై ఆపేయండి, కేబుల్ ఉంటే పీకేయండి. కంప్యూటర్‌ని మీ అంతట మీరు స్విచ్ ఆఫ్ చేయకండి, ఏం జరిగిందో ఐటీ వాళ్లు అందులోనే వెతుక్కోవాలి. అదే నిమిషంలో వాళ్లకి ఫోన్ చేసి, ఏం నొక్కారో, ఏం టైప్ చేశారో ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఆ పాస్‌వర్డ్‌ని వేరే పరికరం నుంచి మార్చండి. మేనేజర్లు ఎవరైనా చూస్తుంటే ఒక్క మాట అండి: ఇలా వచ్చి చెప్పినవాళ్లని తిట్టకండి. ఒకరిని తిడితే రేపు పదిమంది దాస్తారు.

నా రేటింగ్ ఐదుకి రెండున్నర. లింకు చదవడం నేర్పినందుకు, వానాక్రై కథకి ఆ మార్కులు. కొత్తగా చేరినవాళ్లకి చూపించొచ్చు, కానీ పాస్‌వర్డుల భాగం మార్చాకే.

ఇంకొక్కటి. కోర్సు చివరి స్లైడ్‌లో "సమస్య వస్తే హెల్ప్‌డెస్క్‌ని సంప్రదించండి" అని ఉంది, నంబరు లేదు. మా ఆఫీసులో ఆ నంబరు కంపెనీ సైట్‌లో ఉంటుంది. కంప్యూటర్ లాక్ అయిపోయిన రోజు ఆ సైట్ ఎలా తెరుస్తాం? నేను దాన్ని కాగితం మీద రాసి మానిటర్ కింద అంటించుకున్నాను.