సర్జరీకి ఇంకా నాలుగు రోజులు: మా గ్రూప్ వాళ్ళు నాకు నేర్పినవి

హాయ్ అండి, అందరికీ నమస్తే. ఇవాళ వీడియో కారులోంచే మొదలుపెడుతున్నాను. ఇప్పుడే సపోర్ట్ గ్రూప్ మీటింగ్ అయింది, ఇంకా పార్కింగ్‌లోనే ఉన్నాను. ఇంటికి వెళ్ళాక తీరిగ్గా మాట్లాడదాం అనుకుంటే పిల్లల గోలలో సగం మర్చిపోతాను. గొంతు కాస్త బొంగురుగా ఉంది, ఏమనుకోకండి. లోపల కొంచెం ఏడ్చాను. ఎందుకో చెప్తాను.

కొత్తగా చూస్తున్నవాళ్ళకి రెండు ముక్కల్లో: నాకు బరువు తగ్గే సర్జరీ ఉంది, స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ. ఇంకా నాలుగు రోజులు. దానికి ముందు పెట్టిన రెండు వారాల లిక్విడ్ డైట్‌లో ఇవాళ పదో రోజు.

ఈ మాట అమ్మకి ఫోన్లో మొదటిసారి చెప్పినప్పుడు చాలాసేపు అటువైపు నుంచి ఏమీ వినబడలేదు. కాల్ కట్ అయిందేమో అనుకున్నాను. తర్వాత మెల్లగా, "నోరు కట్టుకుంటే పోయేదానికి కడుపు కోయించుకుంటావా తల్లీ?" అంది. ఆ ఒక్క మాటకి జవాబు చెప్పడానికి నాకు మూడు వారాలు పట్టింది. ఇరవై ఏళ్ళుగా నేను నోరు కట్టుకుంటూనే ఉన్నాను కదా! తగ్గడం, మళ్ళీ అంతకు రెండింతలు పెరగడం. బరువు తగ్గేకొద్దీ ఒంట్లో ఆకలి పెంచే హార్మోన్లు ఎక్కువవుతాయి, ఒళ్ళు ఖర్చుపెట్టే శక్తి తగ్గుతుంది. స్లీవ్‌లో జీర్ణాశయాన్ని నిలువుగా కత్తిరించి 75 నుంచి 80 శాతం దాకా తీసేస్తారు, మిగిలేది సన్నగా అరటిపండు ఆకారంలో ఉంటుంది. తీసేసే ఆ భాగంలోనే గ్రెలిన్ అనే ఆకలి హార్మోన్ ఎక్కువగా తయారవుతుంది. అమ్మకి ఇదంతా విడమరిచి చెప్తే, "అయితే తప్పు నీ నోటిది కాదన్నమాట" అంది. ఆ మాట కోసం నేను ఎన్నేళ్ళు ఎదురుచూశానో ఆవిడకి తెలియదు.

"నువ్వు మరీ అంత లావేం కాదే" అన్నవాళ్ళు కూడా ఉన్నారు. నా బీఎంఐ, అంటే ఎత్తుని బట్టి చూసే బరువు లెక్క, 36. దానికి తోడు షుగర్. 1991లో అమెరికాలో వేసిన నిపుణుల కమిటీ బీఎంఐ 40 దాటినవాళ్ళకి, లేదా 35 దాటి పెద్ద జబ్బులు ఉన్నవాళ్ళకి ఈ సర్జరీ చేయొచ్చని చెప్పింది. ముప్ఫై ఏళ్ళు అదే లెక్క నడిచింది. 2022లో బేరియాట్రిక్, అంటే బరువు తగ్గించే, సర్జన్ల సంఘాలు దాన్ని మార్చాయి. ఇప్పుడు 35 దాటితే వేరే జబ్బు లేకపోయినా సర్జరీ సిఫారసు చేయొచ్చు, 30 దాటి షుగర్ లాంటివి ఉంటే ఆలోచించొచ్చు. మన ఆసియా వాళ్ళకైతే 27.5 నుంచే అన్నారు. తక్కువ బరువుకే మనకి షుగర్ వచ్చేస్తుంది కాబట్టి. అందుకని పక్కవాళ్ళ ఒళ్ళు చూసి "నీకెందుకు" అనకండి, దయచేసి.

సరే, గ్రూప్ సంగతి.

నెలకోసారి కలుస్తాం. గుండ్రంగా కుర్చీలు, ఒక నర్సు, పదిపన్నెండు మంది. సగం మంది నాలాగా సర్జరీకి ముందున్నవాళ్ళు, సగం మంది అయిపోయినవాళ్ళు. మొదటిసారి వెళ్ళినప్పుడు నా కళ్ళు సహజంగానే సర్జరీ అయి ఆరు నెలలైనవాళ్ళ మీదకే పోయాయి. వాళ్ళ ముఖాలే వెలిగిపోతుంటాయి. ఒకావిడ తన పాత ప్యాంటు తెచ్చి, అందులో ఒక కాలు పెట్టాల్సిన చోట రెండు కాళ్ళూ పెట్టి నిలబడింది. అందరం చప్పట్లు కొట్టాం. ఇంటికెళ్ళి మావారికి ఆ ప్యాంటు గురించే చెప్పాను, రాత్రి పన్నెండు దాకా.

ఇవాళ నన్ను ఏడిపించింది ఆవిడ కాదు. మూలన కూర్చునే ఒక పెద్దాయన. ఆయనకి సర్జరీ అయి ఏడేళ్ళు. ఎప్పుడూ పెద్దగా మాట్లాడరు. ఇవాళ ఆయన వంతు వచ్చినప్పుడు, తగ్గిన బరువులో మూడోవంతు మళ్ళీ వచ్చేసిందని చెప్పారు. రెండేళ్ళు సిగ్గుతో ఈ గ్రూప్‌కే రావడం మానేశారట. "ఫోటోలు చూపించేవాళ్ళ మధ్య నేనేం చూపించను?" అన్నారు. గదిలో ఎవరూ కదల్లేదు. నాకు మాత్రం కళ్ళు ఆగలేదు. ఎందుకంటే ఏడేళ్ళ తర్వాత ఆ కుర్చీలో నన్ను నేను చూసుకున్నాను.

స్వీడన్‌లో 1987లో మొదలుపెట్టి, సర్జరీ చేయించుకున్నవాళ్ళని ఏళ్ళ తరబడి గమనించిన పెద్ద అధ్యయనం ఒకటి ఉంది. అప్పటి సర్జరీలు వేరు, అందులో స్లీవ్ లేదు. కానీ అందులో కనబడిందీ ఇదే: మొదటి ఒకటి రెండేళ్ళలో బరువు బాగా కిందికి దిగుతుంది, తర్వాత కొంత తిరిగి ఎక్కుతుంది, ఆపైన ఎక్కడో నిలబడుతుంది. అయినా సర్జరీ చేయించుకోనివాళ్ళ కంటే వీళ్ళలో మరణాలు తక్కువ అని 2007లో తేల్చారు. ఇదంతా నేను ముందే చదివాను. చదివినప్పుడు అది గ్రాఫ్‌లో ఒక గీత. ఇవాళ ఆ గీత మాట్లాడింది.

మీటింగ్ అయ్యాక ఆయన దగ్గరికి వెళ్ళి, ఎక్కడ జారిందండీ అని అడిగాను. అలా అడగొచ్చో లేదో కూడా ఆలోచించలేదు. ఆయన ఏమీ అనుకోకుండా చెప్పారు. భోజనంలో ఎప్పుడూ ఎక్కువ తినలేదట. చిన్న పొట్ట పట్టనివ్వదు కూడా. రోజంతా కొంచెం కొంచెం నములుతూ ఉండటం, తియ్యటి పానీయాలు తాగడం. మెత్తగా, ద్రవంగా ఉన్నవి చిన్న పొట్టలోంచి కూడా సులువుగా జారిపోతాయి కదా, ఎంతైనా పడుతుంది. "పొట్టకి ఆపరేషన్ చేశారు, తలకి చేయలేదు" అన్నారు. బోర్ కొట్టినప్పుడూ ఒంటరిగా ఉన్నప్పుడూ వేసే ఆకలిని మా గ్రూప్‌లో 'తల ఆకలి' అంటారు. ఆ ఆకలిని ఏ డాక్టరూ కత్తిరించలేడు.

కొత్తగా ఇలాంటి గ్రూప్‌కి వెళ్ళేవాళ్ళకి నాదొకటే సలహా: ఆరు నెలల వాళ్ళకి చప్పట్లు కొట్టండి, ఐదేళ్ళు దాటినవాళ్ళ పక్కన కూర్చోండి.

ఇంకో మాట. గ్రూప్‌లో అందరం ఇంగ్లీషులోనే మాట్లాడుకుంటాం. నా వంతు వస్తే 'కొంచెం నెర్వస్‌గా ఉంది' అని నవ్వి కూర్చుంటాను. భయం మాత్రం నాకు తెలుగులోనే వేస్తుంది. అది గమనించిందో ఏమో, మా నర్సు ఒకరోజు "మీ భాష మాట్లాడే పేషెంట్ ఒకరున్నారు, ఆవిడ సరేనంటే నంబర్ ఇవ్వనా?" అంది. అలా దొరికింది మా అక్క. సొంత అక్క కాదు, మొదటి ఫోన్‌కే అక్క అయిపోయింది. ఆవిడకి ఆరేళ్ళ క్రితం అయింది. నేను ఫోన్ ఎత్తగానే "అక్కా, చచ్చిపోతానేమోనని భయంగా ఉంది" అన్నాను. ఇంగ్లీషులో ఈ మాట ఎవరితోనూ అనలేదు నేను.

ఆవిడ "ఛ, అలా అనకూడదు" అనలేదు. "నాకూ వేసింది. మీ సర్జన్ని అడిగావా, రిస్క్ ఎంతని?" అంది. అడగలేదు! ఇన్నిసార్లు వెళ్ళాను, అదొక్కటి అడగలేదు. మర్నాడే అడిగాను. కత్తిరించిన చోట పిన్నులతో మూసే వరస, అదే స్టేపుల్ లైన్, దగ్గర లీకవడం, రక్తస్రావం, కాళ్ళలో రక్తం గడ్డకట్టడం, తర్వాత గుండెల్లో మంట పెరగడం, అన్నీ కాగితం మీద రాసి చెప్పారు. విచిత్రంగా ఆ రాత్రి బాగా నిద్రపట్టింది.

ఇంటికి వచ్చేశాను. ఇప్పుడు వంటింట్లో ఉన్నాను. ఇది చూడండి, సిరప్ సీసాతో వచ్చే చిన్న కప్పు. 30 మిల్లీలీటర్లు. సర్జరీ అయ్యాక మొదటి రోజుల్లో దీంతోనే, మెల్లగా గుటక గుటకగా. గటగటా తాగే అలవాటు ఉన్న నాలాంటి దానికి ఇదొక శిక్ష. అందుకే అక్క "ముందే రిహార్సల్ వేసుకో" అంది. నెల రోజులుగా వేస్తున్నాను. ముద్దని పాతిక సార్లు నమలడం, తింటూ నీళ్ళు తాగకపోవడం, తిన్నాక అరగంట ఆగి తాగడం. వినడానికి ఇంతే. మొదటి రోజు పాతిక లెక్కపెడుతూ పెడుతూ ఏ అంకెలో ఉన్నానో మర్చిపోయాను. మా పెద్దాడు పక్కన కూర్చుని వేళ్ళ మీద లెక్కపెట్టాడు. నీళ్ళ సంగతైతే చేతికి తెలియకుండానే గ్లాసు నోటి దగ్గరికి వచ్చేస్తుంది. చివరికి మావారు భోజనాల బల్ల మీదనుంచి గ్లాసులే తీసేశారు. పాపం ఆయనకీ లేవు ఇప్పుడు.

ఇక ఈ లిక్విడ్ డైట్. నేను మొదట దీన్ని శిక్షలాగా, డాక్టర్లు మన పట్టుదల చూడటానికి పెట్టే పరీక్షలాగా అనుకున్నాను. కాదట. లివర్ ఎడమ భాగం సరిగ్గా జీర్ణాశయం మీదకి వచ్చి ఉంటుంది. కొవ్వు పట్టి పెద్దదైన లివర్‌ని పక్కకి జరిపితేగానీ సర్జన్‌కి పని కనబడదు. పిండిపదార్థాలు తగ్గించి రోజుకి 800 నుంచి 1000 క్యాలరీల దగ్గర ఉంటే, లివర్‌లో దాచుకున్న చక్కెర నిల్వ, అంటే గ్లైకోజెన్, దాంతోపాటు ఉన్న నీరు పోయి, కొంత కొవ్వు కూడా కరిగి రెండు వారాల్లోనే అది చిన్నదవుతుంది. ఇది తెలిశాక నా కోపం పోయింది. ఆకలి పోలేదు.

మూడో రోజు తప్పు చేశాను. చెప్పకుండా దాచొచ్చు, కానీ ఈ వీడియో ఎందుకు మరి? రాత్రి పదకొండుకి అందరూ పడుకున్నాక, పిల్లల ప్లేట్లో మిగిలింది నిలబడి తినేశాను. ఆకలితో కాదు. ఏడుపొస్తూ. గ్రూప్ చాట్‌లో ఒక ముక్క రాశాను, "తిన్నాను" అని. రెండు నిమిషాల్లో ఐదుగురు. ఒకరు కూడా తిట్టలేదు, ఒకరు కూడా "ఫర్వాలేదులే" అనలేదు. ఒకాయన "ఇప్పుడు ప్లేట్ కడిగేసి పడుకో, పొద్దున నర్సుకి చెప్పు" అని రాశారు. అలాగే చేశాను. నర్సు రాసుకుంది, ముందుకి సాగమంది, అంతే.

మందుల విషయంలో మాత్రం మా గ్రూప్‌లో కఠినమైన కట్టుబాటు ఉంది: ఎవరూ సలహా ఇవ్వరు. నాకు షుగర్ మాత్రలున్నాయని చెప్పగానే అందరూ ఒకే మాట, "డైట్ మొదలుపెట్టేలోపు డాక్టర్ని అడుగు." అడిగితే మంచిదే అయింది. తిండి ఇంత తగ్గించి పాత డోసు వేసుకుంటే షుగర్ మరీ పడిపోవచ్చు. ఇంకా నేను వేసుకునే ఒక మాత్ర, డాపాగ్లిఫ్లోజిన్, సర్జరీకి కనీసం మూడు రోజుల ముందు ఆపాలి. లేకపోతే కీటోఅసిడోసిస్, అంటే రక్తంలో ఆమ్లాలు పేరుకుపోయే ప్రమాదం ఉంటుంది. లిక్విడ్ డైట్ కాబట్టి మా డాక్టర్ నాకు ఇంకా ముందే ఆపించారు. మీ సంగతి మీ డాక్టర్నే అడగండి, నా వీడియో చూసి ఏదీ ఆపకండి, మొదలుపెట్టకండి.

మిగతా పరీక్షలు త్వరగా చెప్పేస్తాను. రక్తపరీక్షలు, గొట్టంతో కడుపు లోపల చూసే ఎండోస్కోపీ, కడుపులో పుండ్లు తెచ్చే హెచ్ పైలోరీ బాక్టీరియా ఉందేమోనని పరీక్ష, నిద్ర పరీక్ష. నాకు నిద్రలో ఊపిరి ఆగుతోందని అప్పుడే తెలిసింది, దానికి రాత్రి పెట్టుకునే మాస్క్ మెషిన్ హాస్పిటల్‌కి కూడా తీసుకెళ్ళాలి. సైకాలజిస్ట్ దగ్గరికి ఫెయిలవుతానేమోనని వణుకుతూ వెళ్ళాను. ఆవిడ అడిగిందల్లా, "కష్టం వచ్చినప్పుడు తినడం తప్ప ఇంకేం చేస్తారు?" అని. నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు ఒకటి ఉంది: గ్రూప్ చాట్‌లో ఒక ముక్క రాస్తాను.

ఎవరెవరికి చెప్పాలి అన్నది మీలో చాలామంది అడిగారు. నేను మావారికి, అమ్మకి, నా మేనేజర్‌కి చెప్పాను. ఇప్పుడు మీకు. బంధువుల గ్రూప్‌లో చెప్పలేదు, వాళ్ళు ఈ ఛానల్ చూడరని నా నమ్మకం. చూస్తే, పిన్నీ, నమస్తే.

అమ్మ రోజూ ఫోన్ ఎత్తగానే "తిన్నావా" అనేది. ఈ పది రోజులుగా "తాగావా" అంటోంది. చెప్తుంటే మళ్ళీ గొంతు పట్టేస్తోంది, వద్దులెండి.

చివరగా బ్యాగ్. ఇదంతా అక్క చెప్పిన లిస్టే. వంగకుండా తొడుక్కునే చెప్పులు. వదులు బట్టలు, నడుము దగ్గర పట్టనివి. పెదాలకి రాసుకునే బామ్. పొడుగు వైరున్న ఛార్జర్. సర్జరీ రోజే లేపి నడిపిస్తారట, కాళ్ళలో రక్తం గడ్డకట్టకుండా, అందుకని జారని సాక్సులు. తర్వాత ఒక చిన్న దిండు. దగ్గు వస్తే పొట్టకి అదిమి పట్టుకోవాలి, ఇంటికి వచ్చేటప్పుడు సీట్ బెల్టుకీ కుట్లకీ మధ్య పెట్టుకోవాలి. మా చిన్నది తన దిండు ఇస్తానంది. తీరా బ్యాగులో పెడుతుంటే, "ఇప్పుడే తీసుకుంటే నాలుగు రోజులు నేను దేని మీద పడుకోవాలి?" అని వెనక్కి లాక్కుంది. కాబట్టి బ్యాగులో దిండు చోటు ఖాళీగా ఉంది. ఆ రోజు పొద్దున్నే, అది లేచాక సర్దుతాం.