బురుజుపేట అమ్మవారికి పైకప్పు ఎందుకు లేదు?

(షాట్: తెల్లవారుజామున బురుజుపేట సందు, లైట్ల కింద తడి నేల మీద పసుపు నీళ్లు)

అందరికీ నమస్కారం. విశాఖపట్నంలో పూర్ణా మార్కెట్ దాటి, కనకమహాలక్ష్మి అమ్మవారు ఉన్న వన్ టౌన్‌లోకి వచ్చాం. ఇంకా తెల్లారనేలేదు, అయినా ఈ సందులో కాలు పెట్టడానికి చోటు లేదు. ఇది మార్గశిరం కదా, పైగా ఈరోజు లక్ష్మివారం. వేరే ఊళ్ల నుంచి చూస్తున్నవాళ్లకి చెప్పాలి, మా ఉత్తరాంధ్రలో గురువారాన్ని లక్ష్మివారం అంటాం. మీకు లక్ష్మీదేవి అంటే శుక్రవారం గుర్తొస్తుందేమో, మాకు మాత్రం మార్గశిరంలో గురువారమే.

కనకమహాలక్ష్మి అమ్మవారి దగ్గరికి మొదటిసారి వచ్చినవాళ్లు గర్భగుడి ఎక్కడా అని వెతుకుతారు. ఉండదు. చుట్టూ మండపాలు, క్యూలైన్లు, కౌంటర్లు అన్నీ వచ్చాయి గానీ ఆవిడ తల మీద మాత్రం ఆకాశమే, ఎండొచ్చినా వానొచ్చినా అంతే.

కథ బావి దగ్గర మొదలవుతుంది. ఈవిడ విశాఖ రాజుల ఇలవేల్పు అనీ, ఇక్కడ వాళ్ల కోట బురుజు ఉండేది కాబట్టే బురుజుపేట అయిందనీ, శత్రువుల భయంతో విగ్రహాన్ని బావిలో దాచారనీ చెబుతారు. 1912లో ఆ విగ్రహం బావిలోంచి బయటపడింది, తీసి వీధి మధ్యలోనే, ఆరుబయట నిలబెట్టారు. ఐదేళ్లు గడిచాయి. 1917లో రోడ్డు వెడల్పు చెయ్యాలని మున్సిపాలిటీవాళ్లు విగ్రహాన్ని ఓ 30 అడుగులు పక్కకి జరిపారు. అదే సమయంలో ఊళ్లో ప్లేగు. జనం ఊరుకుంటారా! అమ్మవారిని కదిపినందుకే ఇదంతా అన్నారు, మళ్లీ తెచ్చి పాత చోటే పెట్టించారు, ప్లేగు తగ్గింది అంటారు. నిజానికి ప్లేగు 1896లో బొంబాయిలో బయటపడ్డ దగ్గర్నుంచి దేశంలో ఏదో ఒక మూల మనుషుల్ని తీసుకుపోతూనే ఉంది. అది తెలిసినా ఇక్కడ ఎవరూ ఆ కథని వదులుకోరు, నాకూ వదులుకోవాలని లేదు. రోడ్డు వెడల్పు పని స్థలపురాణంలోకి ఎక్కిన గుడి ఇంకెక్కడ ఉంటుంది చెప్పండి.

(షాట్: అమ్మవారి ఫొటో, దగ్గరగా)

ఫొటోలో ఎడమ చెయ్యి చూడండి, మోచేతి కింద లేదు. దీనికో కథ ఉంది. కాశీకి పోతున్న ఒక బ్రాహ్మణుడు దారిలో ఈ బావి దగ్గర స్నానం చేస్తుంటే, నన్ను బయటికి తీసి ప్రతిష్ఠించు అని లోపలినుంచి అమ్మవారు అడిగిందట. కాశీ ప్రయాణం ఆగిపోతుందని ఆయన ఒప్పుకోలేదు. ఆవిడకి కోపం వచ్చి ఎడమ చేతిలో పరిఘ అనే ఆయుధం ఎత్తింది, ఆయన శివుణ్ణి తలుచుకున్నాడు, శివుడు ఆ చేతిని తీసేసి ఆవిడని శాంతపరిచాడు. ఇంకో గుడిలో అయితే చెయ్యి లేని విగ్రహానికి పూజ చెయ్యరు, భిన్నమైంది, అంటే విరిగిపోయింది అంటారు. ఇక్కడ ఊరంతా ఆ విగ్రహానికే దణ్ణం పెడుతుంది.

ఇక పూజ సంగతి. బుట్ట పూజారి చేతికిచ్చి గోత్రం చెప్పి దూరంగా నిలబడటం కాదు, మీరే ముట్టుకుని చేస్తారు. మీ చేత్తోనే పసుపు రాస్తారు, కుంకుమ పెడతారు, పాలు పోస్తారు. మీ కులమేంటని అడిగేవాళ్లు లేరు. కొత్తగా పుట్టిన పిల్లల్ని తెచ్చి అమ్మవారి పాదాల దగ్గర పడుకోబెట్టి తీసుకెళ్తారు, చంటిబిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే అమ్మమ్మ మాత్రం నవ్వుతూ ఉంటుంది. ఇలాంటి రద్దీలో నిలబడటానికి ఒక్క క్షణమే దొరుకుతుంది, అది వేరే విషయం.

మార్గశిరంలో బుధవారం అర్ధరాత్రి దాటగానే అభిషేకం మొదలు. ఇళ్లల్లో కూడా వ్రతం ఉంటుంది, మొదటి వారం పులగం, తర్వాత అట్లూ తిమ్మనం, అప్పాలూ పరమాన్నం, చిత్రాన్నం గారెలు, ఐదో వారం పూర్ణం బూరెలు. నెలలో నాలుగే లక్ష్మివారాలు పడితే ఐదోది పుష్యంలో చేస్తారు. వ్రతం చేసే ప్రతి వారం ఆ రోజు తలకి నూనె రాయకూడదు, దువ్వుకోకూడదు. వ్రతకథలో సుశీల అనే అమ్మాయి సవతి తల్లి ఒక వారం పిల్లలతో పాటు చద్దన్నం తినేసి, ఇంకో వారం మరిచిపోయి నూనె రాసేసుకుని, ఇలా వారం వారం ఏదో ఒకటి చేసి వ్రతం పాడుచేసుకుంటుంది. మా ఇంట్లో ఆ కథ వింటూ నవ్వని వాళ్లు లేరు, కానీ దువ్వెన మాత్రం ఎవరూ ముట్టుకోరు.

సరే, లైన్ కదిలింది. ఇంకో నిమిషంలో నా చేతులనిండా పసుపే, ఫోన్ పట్టుకోలేను, కెమెరా ఆపేస్తున్నా.